నూటనలుగురి ఊరికి ప్రభుత్వ మెందుకు?

నార్వే దేశపు పడమటి తీరమున క్రిస్టియన్‌సుండ్ అను రేవుపట్టణము కలదు. ఆ పట్టణమునకు వాయవ్యదిశగా సుమారు 14 కిలోమీటర్ల దూరమున, నట్టసముద్రమున, ఎనుబది వఱకు చిన్నచిన్న లంకలును రాతిదిబ్బలును గుమిగూడి యున్నవి. వీని కన్నిటికిని కలిపి గ్రిప్ అని పేరు. జనులు ఊరు కట్టుకొని యున్నది వీనిలో ప్రధానమైన లంకమీదనే. దాని శిఖర మనదగిన చోటు సైతము సముద్రమట్టమునకు ఎనిమిది మీటర్ల కించుమించు ఎత్తు మాత్రమే. ఇట్టి తావు 1897 మొదలు 1963 కడవఱకు తన పాలన తాను నడపుకొన్న యొక స్థానిక ప్రభుత్వమునకు నెలవై యుండెను. వైశాల్యమునను జనసంఖ్యయందును నార్వే దేశ మంతటికిని చిన్నదైన కొమ్యూనె అదియే. కొమ్యూనె యనగా బడి, పేదల పోషణ, వైద్యసహాయము, దారులు, రేవులు మొదలైన పనులను తన పన్నులతో, తా నెన్నుకొన్న సభ్యులతో నడపుకొను స్థానిక స్వపరిపాలన సంస్థ. 1964 జనవరి 1వ తేదీన గ్రిప్ కొమ్యూనెను రద్దుచేసి క్రిస్టియన్‌సుండ్ పట్టణమున విలీనము చేసిరి. ఆనాటి కచ్చట నున్నవారు 104 మంది. పిదప పదేండ్లకే, 1974 నాటికి, ఏడాది పొడుగునను అచ్చట కాపుర ముండువా రొక్కరును లేకపోయిరి.

నూటనలుగురు మనుష్యులకు ప్రత్యేకముగా నొక ప్రభుత్వ మెందు కని ఎవ్వరైన అడుగవచ్చును. పరిపాలనావ్యయమును లెక్కవేయు గుమాస్తాకు ఈ ప్రశ్నయే వింతగా తోచును. ఉత్తర మంత స్పష్టమని యతడు తలచును. నాకు మాత్ర మది అంత స్పష్టము కాదు. ఒక చిన్న ఊరి స్వపరిపాలనను రద్దు చేయునప్పుడు మిగులు ధన మెంతయో పద్దులలో కనబడును గాని, పోవు వస్తువేదో ఏ పద్దునందును కనబడదు. ఆ కనబడని వస్తు వెట్టిదో గ్రిప్ చరిత్రవలన తెలిసికొనవచ్చు నని నా నమ్మకము.

ఈ లంకమీద మన్ను లేదు, చెట్టు లేదు, పైరు పండించుకొను వీలు లేదు. ఉన్నది రాయి, రాతి చుట్టును సముద్రము, సముద్రమున చేప. చలికాలపు చివరను కాడ్ చేపలు గుంపులు గుంపులుగా గ్రుడ్లు పెట్టుటకు మోరె తీరమునకు వచ్చును. తెరచాపలును తెడ్లును దప్ప వేఱు సాధనము లేని కాలమున, చేపలు తిరుగు తావునకు ఎంత దగ్గఱగా కాపుర ముండిన అంత లాభము. తీరమునుండి బయలుదేరి పడవ నడపుకొని వచ్చువాడు వేటస్థలము చేరుసరికి, గ్రిప్‌వాడు వల లాగి తిరుగుముఖము పట్టి యుండును. ఈ యొక్క కారణముననే మనుష్యులు ఆ రాతిమీద నిల్లు కట్టుకొనిరి. వేటకాలమున ఇతర ప్రాంతములనుండి వచ్చు బెస్తలతో ఊరిజనము పెక్కురెట్లు పెరిగెడిది. ఇండ్లు చాలక ఒక్కొక్క గదిలో పలువురు తలదాచుకొనెడివారు. వేట ముగిసినతోడనే వారందఱును మరలిపోగా, సంవత్సరమున తక్కిన భాగమంతయు ఆ కొద్ది కుటుంబములే గాలికిని అలకును ఎదురొడ్డి యుండెడివి.

ఆ గాలియు ఆ అలయు సామాన్యమైనవి కావు. 1796లో వచ్చిన తుపాను ఊరిలోని ఇండ్లను పెక్కింటిని సముద్రముపాలు చేసినది. లంకమీద ఎత్తైన చోట చర్చి కలదు. ఉప్పెన పొంగినప్పుడు ఇక పోదగిన తావు మఱియొకటి లేదు. 1888లో సమీపపు మఱియొక దిబ్బమీద కట్టిన దీపస్తంభము నార్వేలోని ఎత్తైన దీపస్తంభములలో నొకటి. రాత్రివేళ ఆ సముద్రమున పోవు నావికులకు గ్రిప్ అనగా ముందుగా ఆ వెలుతురే.

ఆ చర్చిని గూర్చి కొంచెము వివరముగా చెప్పవలసి యున్నది. ఏలయన ఊరు చిన్నదైనంతమాత్రమున దాని చరిత్రయు చిన్నదగునను భ్రమ దానిని చూచినచో తొలగిపోవును. అది 15వ శతాబ్దపు ఉత్తరభాగమున, 1470 ప్రాంతమున, నిలువు కఱ్ఱస్తంభముల ఆధారముతో కట్టిన దారుమందిరము. మధ్యయుగములందు నార్వే దేశమంతటను ఇట్టివి వందలకొలది యుండగా నేటికి నిలిచియున్నవి 28 మాత్రమే. వానిలో మిక్కిలి చిన్నవాని యందు గ్రిప్ చర్చి యొకటి. వెలుపల ఎఱ్ఱరంగు పూసిన చెక్కగోడలు. ఆ గోడల నానుకొన్నంత దగ్గఱగా బెస్తల ఇండ్లు. లోపల బలిపీఠముమీద మూడు పలకల పెట్టెవలె తెఱచి మూయదగిన యొక చెక్కడపు పని యున్నది. దానియందు మేరీమాతయు, నార్వే దేశపు రక్షకుడుగా పూజితుడైన ఓలాఫ్ మహాపురుషుడును, మార్గరెట్ పుణ్యవతియు నిలిచి యున్నారు. ఇది నెదర్లండ్సు దేశపు పనివాండ్ర చేతిపని. మాక్సిమిలియన్ చక్రవర్తి మనుమరాలును, ఐదవ చార్లెస్ చెల్లెలును అగు ఇసబెల్లా రాకుమారి రెండవ క్రిస్టియన్ రాజును పెండ్లాడుటకై 1515లో ఉత్తరదేశమునకు సముద్రయానము చేసినదనియు, ఆమెను తోడ్కొనివచ్చినవాడు నీదరోస్ ఆర్చిబిషప్పగు ఎరిక్ వాల్కెండోర్ఫ్ అనియు చరిత్ర చెప్పుచున్నది; ఆ ప్రయాణము క్షేమముగా ముగిసినందులకు కృతజ్ఞతగా ఆమె తీరపుచర్చులకు ఇచ్చిన కానుకలలో గ్రిప్ చర్చిలోని పీఠ మొకటి యని అక్కడి సంప్రదాయము చెప్పుచున్నది. రాకుమారి కానుక యగునో కాదో గాని, ఐరోపాఖండపు నడిబొడ్డున చెక్కిన యొక కళాఖండము ఈ రాతిదిబ్బను చేరి, ఐదువందల సంవత్సరములుగా అచ్చట నిలిచియుండుట నిజము. చేపల వర్తకము ఎంతదూరపు లోకముతో ఈ ఊరిని ముడివేసినదో దీనివలన ఊహింపవచ్చును.

అయితే ఊరి ధనము ఊరివారి చేతికి రాలేదు. మతసంస్కారమునకు పూర్వము గ్రిప్ ఆర్చిబిషప్పు ఆస్తి. తరువాత రాజుగారి ఆస్తి. 18వ శతాబ్దమున రాజు దానిని వర్తకులకు విక్రయింపగా అది ప్రైవేటు యజమానుల ఆస్తి. నార్వే తీరమున ఇట్టి చేపల ఊళ్లు పెక్కింటికి ఇదియే గతి: భూమి యొకనిది, రేవు వానిది, కొట్టు వానిది, బెస్తవాడు పట్టిన చేప వానికే అమ్మవలెను, వలకును ఉప్పునకును పిండికిని వానియొద్దనే అప్పు పడవలెను. తన కాళ్లక్రింది రాయియైనను తనది కాని మనుష్యునికి ఊరి వ్యవహారములలో మాట యెక్కడిది? ఈ విషయమును మనస్సునందుంచుకొన్నగాని 1897లో ఆ ఊరికి లభించిన స్వపరిపాలన యెంత గొప్పదో బోధపడదు.

పట్టిన చేప పోయెడి త్రోవను కూడ చూడవలెను. కాడ్ చేపను వీపువఱకు చీల్చి, వెన్నెముక తీసి, ఉప్పు పట్టించి, ఎండకు వెచ్చబడిన నున్నని రాళ్లమీద పఱచి యెండబెట్టెడివారు. వాన వచ్చుసూచన కనబడినను, ప్రొద్దు గ్రుంకినను, పఱచిన చేపలనన్నిటిని గుట్టలుగా పేర్చి కప్పవలెను; మఱునాడు మఱల విప్పి పఱచవలెను. వారములతరబడి సాగు ఈ పనియందు అధికభాగము స్త్రీలదే. ఇట్లు సిద్ధమైన ఉప్పుచేప స్పెయిను, పోర్చుగల్ దేశములకు ఓడలలో తరలిపోయెడిది. 1742లో రాజశాసనముచేత పట్టణమైన క్రిస్టియన్‌సుండ్ సిరిసంపదలకు మూలము ఈ వర్తకమే. గ్రిప్ బెస్తలు ప్రాణములకు తెగించి పట్టిన చేపలతో ఐశ్వర్యమునొందిన పట్టణమే రెండువందల యేండ్ల తరువాత గ్రిప్‌ను తనలో కలిపికొన్నది. పట్టణమును నిందించుటకు నే నీమాట చెప్పుట లేదు. ఎవరు ఎవరివలన బ్రదికిరో జ్ఞాపకముంచుకొనకుండ, చిన్న ఊరు పెద్ద ఊరికి భారమని మాటాడుట న్యాయము కాదని చెప్పుచున్నాను.

నార్వేలో స్థానిక స్వపరిపాలనకు పునాది 1837 నాటి శాసనము. ఒక్కొక్క చర్చిమండలమును ఒక్కొక్క కొమ్యూనెగా చేసి, తమ వ్యవహారములను తామెన్నుకొన్న ప్రతినిధులద్వారా నడపుకొను హక్కును జనుల కిచ్చిరి. మొదట ఓటు ఆస్తిపరులకును ఉద్యోగులకును పరిమితమై యున్నను క్రమముగా విస్తరించి, 1910 నాటికి స్థానిక ఎన్నికలలో స్త్రీలకందఱకును లభించినది. దేశము డెన్మార్కునుండి విడివడి స్వీడను రాజుతో జతపడియున్న కాలమున, సొంత రాజును పొందుటకు చాలకాలము పూర్వమే, సామాన్యజనులు పరిపాలనయను విద్యను తమ ఊరి సభలలో అభ్యసించిరి. ఊళ్లు తమ పాలనను తమకు దగ్గఱగా కోరిన కొలది పెద్ద కొమ్యూనెలు చీలి చిన్నవి ఏర్పడుచు వచ్చినవి. 1838లో 392గా నున్నవి 1930 నాటికి 747 అయినవి. ఈ ప్రవాహముననే 1897లో గ్రిప్ సైతము వేఱు కొమ్యూనె యైనది.

అర చదరపు కిలోమీటరుకైనను నిండని భూమికి ఒక మేయరు, ఒక సభ, ఒక బడ్జెటు! దూరమునుండి చూచువారి కిది పిల్లలాటగా కనబడవచ్చును. కాని ఆ సభలో కూర్చున్నవాడు తన నిర్ణయమునకు గుఱియైనవానిని మఱునాటి యుదయమున రేవున చూడక తప్పదు. బడికి పొయ్యికట్టెలు చాలలేదన్నచో అతని బిడ్డయే చలికి వణకును. రేవుగోడ బలహీనపడెనన్నచో అతని పడవయే పగులును. పన్ను విధించువాడును పన్ను కట్టువాడును ఒకే ఇరుగుపొరుగున నుండుట, ఖర్చుపెట్టినవాడు ఖర్చునకు ముఖాముఖి జవాబు చెప్పవలసి యుండుట, ఇవి పెద్ద రాజ్యములలో ఎన్ని చట్టములు చేసినను సాధింపరాని గుణములు. ఊరు చిన్నదగుటయందు పక్షపాతము, కక్షలు, ముఖమాటము మొదలైన దోషములును కలవు. వానిని నేను కాదనను. కాని ఆ దోషములు కంటికెదురుగా నుండును గనుక వానితో పోరాడుట సులభము. దూరమున నున్న కార్యాలయపు అలక్ష్యముతో ఎవడు పోరాడగలడు?

రెండవ ప్రపంచయుద్ధానంతరము నార్వే ప్రభుత్వమువారి దృష్టి మాఱినది. 1946లో నికొలాయ్ షేయ్ అధ్యక్షతను ఒక సంఘమును నియమించి, దేశమందలి కొమ్యూనెల హద్దులను పునఃపరిశీలించుమని కోరిరి. ఆ సంఘమువారి వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. వారి కాలమున రాజ్యము ప్రజలకు వాగ్దానము చేసిన సౌకర్యములు మునుపటివి కావు: తొమ్మిదేండ్ల నిర్బంధవిద్య, వృద్ధులకు సంరక్షణ, వైద్యులు, ఇంజనీర్లు, త్రాగునీరు, విద్యుత్తు. తొమ్మిదేండ్ల బడి నడపుటకు తగినంతమంది పిల్లలు కావలెను; చదివిన ఉద్యోగులకు జీతమిచ్చుటకు తగినంత పన్ను కావలెను. చిన్న కొమ్యూనెలో పుట్టిన నేరమునకు ఒక బిడ్డ తక్కువ చదువుతో సరిపెట్టుకొనవలెనా యని వారడిగిన ప్రశ్న న్యాయమైనది. వారి సిఫారసుల ఫలితముగా 744గా నున్న కొమ్యూనెలు 1967 నాటికి 454 అయినవి. అట్లు చరిత్రలో కలిసిపోయినవానిలో గ్రిప్ ఒకటి.

మఱియు గ్రిప్ ఖాళీయగుటకు విలీనమొక్కటే కారణమని చెప్పుట సత్యము కాదు. అసలు మార్పు అంతకు పూర్వమే పడవలలో వచ్చినది. 20వ శతాబ్దపు ఆదిని పడవలకు మోటారు ఇంజనులు అమర్చుట మొదలైన దినముననే నట్టసముద్రపు ఊళ్ల బలము సగము తఱిగిపోయినది. క్రిస్టియన్‌సుండ్ రేవున నిద్రలేచినవాడు సైతము వేటస్థలమునకు పోయి సాయంకాలమునకు ఇల్లు చేరగల్గినప్పుడు, మన్నులేని రాతిమీద కాపుర మేల? పడవలు పెద్దవైన కొలది లోతైన రేవులు కావలసినవి. పిల్లలు పై తరగతులకు తీరమునకు పోవలసివచ్చినది. పిల్లవానివెంట తల్లియు, తల్లివెంట తండ్రియు బయలుదేరిరి. ఆ దశాబ్దములలో తీరమందలి కొన్ని మారుమూల దీవులవారు ఊరు విడిచిపోవుటకు ప్రభుత్వమే ధనసహాయము చేసినది. కాలము ఇట్లు ఎదురుతిరిగినప్పుడు ఒక చిన్న సభ ఆ ప్రవాహమును నిలిపియుండగలదని నేను వాదింపను.

నేను వాదించునది ఇది. కొమ్యూనె రద్దగువఱకు గ్రిప్ మేలును కోరుట ఎవరిదో యొకరి విధిగా నుండెను. రద్దైన పిమ్మట అది యెవరి విధియు కాలేదు. విలీనమునకు పూర్వము ఆ నూటనలుగురిలో నొకడు మేయరు. అతడు రాష్ట్రాధికారులకు ఉత్తరము వ్రాసినచో అది ఒక ప్రభుత్వము మఱియొక ప్రభుత్వమునకు వ్రాసిన లేఖ. విలీనానంతరము అదే మనుష్యుడు వ్రాసినచో అది పదునేడువేలకు మించిన పట్టణజనములో నొక్క పౌరుని విన్నపము. పట్టణసభ దుష్టమైనది కానక్కఱలేదు. దానికి వేయి పనులుండును, ఓట్లు ఎక్కువగా నున్న వీథులవైపు దాని కన్ను సహజముగానే తిరుగును. నూటనలుగురి ఓట్లు ఆ లెక్కలో ఎక్కడ తేలును? కావున ఊరు నిలుచునా పోవునా యను ప్రశ్న ఇంకను తేలకుండ నున్న సమయముననే, నిలుపవలెనని అధికారపూర్వకముగా అడుగగల గొంతును తీసివేసినట్లైనది. ఆ తరువాత పదేండ్లు ఏమి జరిగినదో చూచితిమి. గొంతున్నచో ఊరు నిలిచియుండెడిదో లేదో ఎవ్వరును చెప్పలేరు. కాని వాదన పూర్తి కాకముందే ఒక పక్షపు న్యాయవాదిని ఇంటికి పంపివేసిన విచారణను న్యాయమైన విచారణ యని యెవ్వరు అందురు?

ఈ మాట వట్టి భావుకత కాదనుటకు నార్వే తీరముననే మఱియొక నిదర్శనము కలదు. దక్షిణముగా, హౌగెసుండ్ పట్టణమునకు పడమట సముద్రమధ్యమున, ఉట్సిరా అను దీవి యున్నది. అది 1924లో టోర్వాస్తాద్ కొమ్యూనెనుండి విడిపోయి తానే యొక కొమ్యూనె యైనది. అచ్చటి జనసంఖ్య నేడు సుమారు 200; దేశమున అతి తక్కువ జనము గల కొమ్యూనె అదియే. షేయ్ సంఘపు గాలి దానిని కూల్చలేదు. 2020 నాటి విలీనముల గాలియు కూల్చలేదు. అది నేటికిని తన మేయరుతో, తన సభతో, తన బడితో సజీవముగా నున్నది.

ఉట్సిరా దేశమునకు ఇచ్చిన దేమనగా: కొమ్యూనె యేర్పడిన మరుసటి సంవత్సరము, 1925లో, జరిగిన ఎన్నికలలో అచ్చటి సభకు ఎన్నికైన 12 మందిలో 11 మంది స్త్రీలు. ఆ ఊరి మంత్రసాని ఓసా హెల్గెసెన్ మేయరైనది. నార్వే దేశచరిత్రలో మేయరు పదవి నలంకరించిన మొదటి స్త్రీ ఆమెయే. రాజధానిలో గాని, పెద్ద పట్టణములలో గాని, విద్యావంతుల కూటములలో గాని జరుగని పని సముద్రమధ్యమున నొక బెస్తదీవిలో జరిగినది. ఊరిలో పుట్టిన శిశువులను చేతులతో అందుకొన్న స్త్రీయే ఊరి పద్దులను చేతబట్టినది. ఆమె యెట్టిదో ఓటు వేసినవారికి తెలియును, వారెట్టివారో ఆమెకు తెలియును. పెద్ద కొమ్యూనెలో అణగియున్నచో ఉట్సిరాకు పెద్ద సభలో ఒకటి రెండు స్థానములకన్న దక్కెడివి కావు. ఒక మంత్రసాని మేయరగుట కలలోని మాట యగును. స్వపరిపాలన క్రొత్తమనుష్యులకు ద్వారము తెఱచుననుటకు ఇంతకన్న నిదర్శన మేల?

2004లో అదే దీవియందు గాలిమరల విద్యుత్తుతో నీటినుండి హైడ్రోజను తీసి నిలువచేసి, గాలి లేని వేళలందు దానినుండి మఱల విద్యుత్తు పుట్టించి పది ఇండ్లకు సరఫరా చేసిన ప్రయోగము జరిగినది. అట్టి ప్రయోగములలో ప్రపంచమున మొదటివానిలో అది యొకటి. ఊరు చిన్నదగుట అచ్చట లోపము కాలేదు, అనుకూలమైనది. పది ఇండ్లలో ముందు పరీక్షించి చూడదగిన పనులు లోకమున ఎన్నియో కలవు.

ఉట్సిరాకును గ్రిప్‌కును పోలిక చెల్లదని ఆక్షేపింపవచ్చును. ఉట్సిరా ఆరు చదరపు కిలోమీటర్లకు మించిన దీవి. అచ్చట మన్ను కలదు, గొఱ్ఱెలు మేయు పచ్చిక కలదు. గ్రిప్‌నకు అవి లేవు. నిజమే. ప్రకృతి యిచ్చినదానిలో భేదమున్నది. అందుచేత ఫలితమునందు కొంత భేదము తప్పదు. కాని ఉట్సిరా కూడ అంకెలనుబట్టి చూచిన రద్దు కాదగినదే. సొంత పాలనయే ఆ దీవిని నిలిపినదని నేను శపథము చేయను. సొంత పాలన యుండుటచేత నిలుచుటకు ప్రయత్నించు అధికారమైనను దానికి దక్కినదని చెప్పెదను. ఆ అధికారము గ్రిప్‌కు దక్కలేదు.

ఇటీవలి చరిత్రయందు ఈ వివాదము మఱల తలయెత్తినది. 2020 నాటికి కొమ్యూనెల సంఖ్యను 428 నుండి 356కు తగ్గించిరి. గ్రిప్ ఉన్న మోరె-రూమ్స్‌డాల్ జిల్లాలోనే సాన్‌డొయ్ అను ద్వీపకొమ్యూనె 1867 నుండి నూటయేబది యేండ్లకు పైగా తన పాలన తాను నడపుకొని, ఈసారి ఓలెసుండ్ పట్టణమున లీనమైనది. దానితోపాటు హారమ్ మొదలైన పొరుగు కొమ్యూనెలును కలిసిపోయినవి. హారమ్ జనులలో ఈ విలీనమునెడ అసమ్మతి చల్లారలేదు. వారు వాదించిరి, ఓటు వేసిరి, పార్లమెంటును ఒప్పించిరి. 2024 జనవరి 1వ తేదీన హారమ్ మఱల ప్రత్యేక కొమ్యూనె యైనది. కలిపినది విడదీయరాదను భ్రమను నార్వే ప్రజాస్వామ్యము తానే తొలగించుకొన్నది. ఒక దేశము తన నిర్ణయమును నాలుగేండ్లలో పునర్విమర్శించి సవరించుకొనుట బలహీనత యని కొందఱందురు. నా దృష్టిలో అది ఆ దేశపు స్థానిక స్వపరిపాలన ఇంకను ప్రాణముతో నున్నదనుటకు గుర్తు.

ఈ ప్రాంతమున మఱియొక విశేషము కూడ గమనింపదగినది. 2022లో వంతెనలును సముద్రగర్భ సొరంగములును గల యొక రహదారిని తెఱచి అచ్చటి ఉత్తరదీవులను ప్రధానభూమితో కలిపిరి. దీవులను వాహనమెక్కి చేరు వీలు కలుగుట గొప్ప యుపకారము. కాని రోడ్డు వచ్చినచో దూరము తఱుగును గాని నిర్ణయము చేయు గది దగ్గఱకు రాదు. సౌకర్యము వేఱు, అధికారము వేఱు. మొదటిదాని నిచ్చి రెండవదానిని తీసికొనుట సమానమైన మార్పిడి యని ప్రభుత్వములు భావించుట పొరపాటు.

ఈ చరిత్రనుండి నేను గ్రహించిన సూత్రములు మూడు. మొదటిది: ఒక ఊరి పాలనను రద్దు చేయుటకు ఆ ఊరివారి స్పష్టమైన సమ్మతి కావలెను, సమ్మతి యనగా వారి కేమి వచ్చునో ఏమి పోవునో రెండును తెలిపిన తరువాత పొందిన సమ్మతి. రెండవది: విలీనమైన ఊరికి పెద్ద సభలో ఓట్ల లెక్కతో నిమిత్తము లేని యొక గొంతు, స్వల్పమైనదైనను సొంత నిధి, తనను గూర్చిన నిర్ణయములపై ముందుగా అభిప్రాయము చెప్పు హక్కు శాసనముచేత నిలిచియుండవలెను. మూడవది: కొంతకాలము గడచిన పిదప విడిపోదలచినవారికి త్రోవ మూయబడియుండరాదు, హారమ్ నడచిన త్రోవ ప్రతి చిన్న ఊరికిని చట్టప్రకారము తెఱచియుండవలెను. బడి, వైద్యము వంటి భారమైన పనులను ఇరుగుపొరుగు కొమ్యూనెలు కలిసి నడపుకొనవచ్చును. దాని కొఱకు కొమ్యూనెనే మింగివేయ నవసరము లేదు. ఉట్సిరావంటి చిన్న కొమ్యూనెలు పొరుగువారితో పనులు పంచుకొని జీవించుచునే యున్నవి.

నేడు గ్రిప్ పూర్తిగా పాడుపడలేదు. వేసవిలో క్రిస్టియన్‌సుండ్ నుండి పడవ నడచును. పూర్వపు కుటుంబములవారు తమ ఇండ్లకు రంగులు వేసి, తలుపులు తెఱచి, కొన్ని వారములు అచ్చట గడపుదురు. దారుమందిరమున పెండ్లిండ్లును జరుగుచున్నవి. ఇది సంతోషింపదగినదే. కాని వేసవివిడిది ఊరు కాదు. ఊరనగా చలికాలమున పొయ్యి వెలుగవలెను, బడిగంట మ్రోగవలెను, రేవుగోడ బాగుచేయుటకు పన్నెంత వేయవలెనో నలుగురు కూడి వాదులాడుకొనవలెను. ఆ వాదులాట యెంత చిన్నదైనను అదియే ప్రజాస్వామ్యము. పెద్ద పార్లమెంటులలో జరుగునది దాని విస్తరణ మాత్రమే.

కావున నూటనలుగురికి ప్రభుత్వ మెందుకని అడుగువారికి నా యుత్తర మిది: నూటనలుగురు తమ బ్రతుకును గూర్చి తామే నిర్ణయించుకొనుటకు. వా రాపనిని సరిగా చేయలేరని తేలినచో సహాయము చేయుడు. ఖర్చు చాలదన్నచో పంచుకొనుడు. ఊరు విడిచిపోవుటయే మేలని వారే నిశ్చయించుకొన్నచో గౌరవముతో పంపుడు. వారి తరఫున మాటాడు పదవిని మాత్రము వారినడుగక తీసివేయకుడు. జనసంఖ్య తక్కువయగుట ఎవరి నేరమును కాదు. తక్కువమంది యున్నారను కారణముచేత వారి మాటను లెక్కలోనుండి తొలగించుట మాత్రము నేరమే. గ్రిప్ విషయమున ఆ లెక్క సరిదిద్దుటకు కాలము మించిపోయినది. ఇంకను ప్రాణముతో నున్న చిన్న ఊళ్ల విషయమున మించిపోలేదు.